టోగోషి-గింజా లాంటి చిన్న స్టేషన్ పక్కన ఇల్లు తీసుకోవచ్చా? గోటాండా ఆఫీసుకి వచ్చేవాళ్ల కోసం

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. హైదరాబాద్ నుంచి టోక్యోకి బదిలీ అయింది, ఆఫీసు గోటాండాలో, వెంట మీ భార్య, నాలుగేళ్ల బాబు వస్తున్నారు. ఏజెంటు టోక్యు కంపెనీ ఇకెగామి లైన్‌లో టోగోషి-గింజా అనే స్టేషన్‌కి రెండు నిమిషాల నడక దూరంలో ఫ్లాట్ చూపించాడు. ఫోటోల్లో చూస్తే మూడు పెట్టెల రైలు, చెక్క కప్పు, ఆనుకునే లెవెల్ క్రాసింగ్, స్టేషన్‌లో ఉద్యోగి అన్నవాడు ఎక్కడా కనిపించడం లేదు. ఆఫీసులో సీనియర్ ఒకాయన "అంత చిన్న స్టేషన్ ఎందుకు, ముసాషి-కొసుగి లాంటి పెద్ద జంక్షన్ దగ్గర చూసుకో" అన్నాడు. ఎవరి మాట వినాలి అని టెన్షన్ పడుతున్నారు.

తీసుకోండి. గోటాండాలో పనిచేసేవాళ్లకి ఇంతకంటే అనువైన స్టేషన్ దొరకడం కష్టం. కాకపోతే సంతకం పెట్టేముందు మూడు విషయాలు చూసుకోండి: ఫ్లాట్ పట్టాలకి ఎటు వైపు ఉంది, బిల్డింగ్ ఏ సంవత్సరంలో కట్టింది, వాన నీళ్లు అక్కడికి వస్తాయా రావా. స్టేషన్ చిన్నదా పెద్దదా అన్నది ఈ మూడింటి ముందు పెద్ద లెక్కలోకి రాదు.

నేను చాలా ఏళ్లుగా టోక్యో దక్షిణం వైపే ఉంటున్నాను, ఇకెగామి లైన్ మీదా, వేరే ప్రైవేటు లైన్ల మీదా చిన్న స్టేషన్ల పక్కనే కాపురం చేశాను. కొత్తగా వచ్చే మనవాళ్లకి ఇళ్లు చూసిపెట్టడం, ఏజెంటు ఇచ్చిన కాగితం చదివి పెట్టడం నాకు వారాంతపు వ్యాపకం అయిపోయింది. కాబట్టి కింద రాసేది కొంత నేను పడ్డది, కొంత వాళ్లు పడ్డది.

ముందు ఆ మూడు పెట్టెల సంగతి. మనకి అలవాటైన లెక్క ప్రకారం చిన్న స్టేషన్ అంటే బండి ఆగీ ఆగనట్టు ఆగేది, గంటకోసారి వచ్చేది. హైదరాబాద్‌లో 2003లో మొదలైన ఎంఎంటీఎస్‌లో తిరిగినవాళ్లకి ఈ భయం మరీ ఎక్కువ, ఒక బండి పోతే ఇంకోటి ఎప్పుడో అని ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ అనుభవం అందరికీ ఉంది కదా. ఇక్కడ ఆ లెక్క పనికిరాదు. ఇకెగామి లైన్ గోటాండా నుంచి కమాటా వరకు మొత్తం 10.9 కిలోమీటర్లు, అందులో 15 స్టేషన్లు. అంటే సగటున 800 మీటర్లు కూడా పోకముందే ఇంకో స్టేషన్. ఈ లైన్‌లో ఎక్స్‌ప్రెస్ అనేదే లేదు, ప్రతి బండీ ప్రతి స్టేషన్‌లో ఆగుతుంది. పగటిపూట కూడా పది నిమిషాల లోపే ఇంకో బండి వస్తుంది, ఉదయం ఆఫీసు వేళ ఇంకా త్వరత్వరగా వస్తాయి. పెట్టెలు మూడే కావచ్చు గానీ మీరు వాటిలో ఉండేది రెండు స్టాపులు, 1.4 కిలోమీటర్లు. నాలుగైదు నిమిషాల్లో గోటాండాలో దిగిపోతారు. సీటు దొరకదు, ఆశపడకండి. నిలబడ్డా పోయేదేం లేదు.

అసలు ఇబ్బంది పెట్టే చిన్న స్టేషన్లు వేరే ఉన్నాయి. ఎక్స్‌ప్రెస్‌లు నడిచే పొడవాటి ప్రైవేటు లైన్ల మీద, లోకల్ మాత్రమే ఆగే స్టేషన్లు. అక్కడ లోకల్ బండి మధ్యలో ఒక స్టేషన్‌లో పక్కకి ఆగి, వెనక వచ్చే ఎక్స్‌ప్రెస్‌కి దారిచ్చి, అది పోయాక కదులుతుంది. మ్యాప్ మీద చూస్తే ఆఫీసుకి పదే స్టాపులు, తీరా ఎక్కాక ఒక చోట తలుపులు తెరుచుకుని నాలుగైదు నిమిషాలు కూర్చోవడమే. నాకు తెలిసిన ఒక గుంటూరు జంట అలాంటి స్టేషన్ పక్కన అద్దె తక్కువని తీసుకున్నారు. ఆయన రోజూ లోకల్‌లో బయలుదేరి, ఎక్స్‌ప్రెస్ ఆగే స్టేషన్‌లో దిగి, అప్పటికే కిక్కిరిసిన ఎక్స్‌ప్రెస్‌లోకి తోసుకుని ఎక్కేవాడు. ఏడాది తిరగకముందే మారిపోయారు. మీ సీనియర్ గారి సలహా వెనక బహుశా ఇలాంటి అనుభవం ఏదో ఉండి ఉంటుంది, తప్పు పట్టను. కానీ అది ఈ లైన్‌కి వర్తించదు.

ఇంత దగ్గర దగ్గరగా స్టేషన్లు ఎందుకు పెట్టారు అంటే, దీన్ని కట్టింది ప్రభుత్వం కాదు, ఇకెగామి ఎలక్ట్రిక్ రైల్వే అనే చిన్న కంపెనీ. 1922లో కమాటా నుంచి ఇకెగామి వరకు మొదటి ముక్క తెరిచారు, హొన్‌మోన్‌జి గుడికి వెళ్లే భక్తుల టికెట్ డబ్బుల మీద ఆశతో. బౌద్ధ గురువు నిచిరెన్ 1282లో కన్నుమూసింది ఆ ఊళ్లోనే. మరుసటి ఏడాది, 1923 సెప్టెంబరు 1న పెద్ద భూకంపం వచ్చి టోక్యో నడిబొడ్డు తగలబడిపోయింది. ఇళ్లు పోయినవాళ్లు ఇటు శివార్లకి వచ్చి స్థిరపడ్డారు. గుడి లైన్ కాస్తా ఆఫీసు లైన్ అయిపోయింది. టోగోషి-గింజా స్టేషన్ 1927లో వచ్చింది, గోటాండా వరకు పట్టాలు 1928లో చేరాయి. 1934లో ఇప్పటి టోక్యుకి మూలమైన కంపెనీ దీన్ని మింగేసింది. మీరు మొదటి రోజే గమనిస్తారు, గోటాండాలో ఈ లైన్ ప్లాట్‌ఫాం ఎక్కడో నాలుగో అంతస్తు ఎత్తులో, నగరం నడిబొడ్డు చుట్టూ గుండ్రంగా తిరిగే యమనోటె లైన్ పట్టాలకి పైన వేలాడుతున్నట్టు ఉంటుంది. యమనోటెని దాటుకుని అవతలికి పోదామని అంత ఎత్తున కట్టారు, ఆ పొడిగింపు జరగలేదు, ఎత్తు మాత్రం మిగిలింది.

ప్రైవేటు రైలు కంపెనీలు ఇక్కడ టికెట్ల మీదే బతకవు, అది కూడా తెలుసుకోవాలి. ఒసాకా వైపు కొబయాషి ఇచిజో అనే ఆయన 1910లో రైలు తెరిచిన ఏడాదే పట్టాల పక్కన ఇళ్ల స్థలాలు వాయిదాల మీద అమ్మాడు, చివరి స్టేషన్ దగ్గర వినోదం పెట్టాడు, 1929లో మొదటి స్టేషన్‌లో డిపార్ట్‌మెంట్ స్టోర్ కట్టాడు. ఆ కంపెనీయే ఇప్పటి హంక్యు. టోక్యోలో టోక్యు కూడా అదే దారి పట్టింది. 2017లో మొదలైన హైదరాబాద్ మెట్రోకి మాల్స్ కట్టుకునే హక్కులు ఇచ్చింది ఇలాంటి లెక్కతోనే. కాకపోతే ఇక్కడ రైలు, ఇళ్లు, కిరాణా అన్నీ వందేళ్లుగా ఒకే చేతిలో పెరిగాయి. అందుకే మూడు పెట్టెల స్టేషన్ అయినా కంపెనీ దాన్ని గాలికి వదిలేయదు. చుట్టూ ఉన్న జనమే దాని వ్యాపారం.

చెక్క కప్పు చూసి పాతబడిపోయిందని మీరు రాశారు. అది కొత్త చెక్క అండి! దాదాపు తొంభై ఏళ్లు నిలిచిన పాత కప్పు తీసేసి, టోక్యో పడమటి కొండల్లోని తామా అడవుల కలపతో 2016 డిసెంబరుకి పూర్తి చేశారు. జనానికి నచ్చడంతో తర్వాత ఇదే లైన్‌లో హటానోడాయ్, నగహారా స్టేషన్లకీ అదే పద్ధతి చేశారు. ఫోటోలో పాతగా కనిపిస్తుందేమో గానీ ఎదురుగా చూస్తే ఈ లైన్‌లో అందమైన స్టేషన్ ఇదే అంటాను, ఇది నా అభిప్రాయం, సెన్‌జోకు-ఇకె చెరువు పక్క స్టేషన్ ఇష్టపడేవాళ్లు నాతో పోట్లాడతారు.

ఇక స్టేషన్‌లో మనుషులు కనిపించకపోవడం. ఈ లైన్‌లో బండికి గార్డు ఉండడు, 1998 నుంచి డ్రైవర్ ఒక్కడే నడుపుతాడు, తలుపులూ అతనే చూసుకుంటాడు. ప్లాట్‌ఫాం అంచున కంచె ఉంటుంది, తలుపులు వచ్చే చోట ఖాళీ వదిలి, అక్కడ ఎవరైనా ఉంటే పసిగట్టే సెన్సర్లు పెట్టారు. జారుడు తలుపులు కాదు కాబట్టి బాబు చెయ్యి పట్టుకోవడం మాత్రం మానకండి. మనుషులు లేకుండా టికెట్ గేటు నడవడం జపాన్‌లో కొత్తేం కాదు, 1967లోనే హంక్యు వాళ్ల కితా-సెన్రి స్టేషన్‌లో ఆటోమేటిక్ గేట్లు పెట్టారు. ముందే డబ్బు వేసుకునే సుయికా గానీ పాస్మో గానీ ఏ కార్డు ఉన్నా ఆనిస్తే చాలు, రెండూ అన్ని చోట్లా చెల్లుతాయి. సమస్య వస్తే గేటు పక్కన ఇంటర్‌కామ్ బటన్ ఉంటుంది, నొక్కితే ఇంకో చోట కూర్చున్న ఉద్యోగి మాట్లాడతాడు. భాష రాకపోతే ఇబ్బందే, నిజం. నేను కొత్తగా వచ్చేవాళ్లకి రెండు వాక్యాలు నేర్పి పంపిస్తాను: పొరపాటున లోపలికొచ్చాను, కార్డు పనిచేయడం లేదు. వాటితో చాలావరకు గట్టెక్కేస్తారు. మీ బాబుకి ఇంకా టికెట్ అక్కర్లేదు, బడి ఈడు రాని పిల్లలు పెద్దవాళ్ల వెంట ఇద్దరి వరకు ఉచితం, ఆరేళ్లు నిండి ప్రైమరీలో చేరాక సగం ఛార్జీ.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, పట్టాలకి ఎటు వైపు ఉంటున్నారన్నది. దీన్ని ఏ ఏజెంటూ చెప్పడు.

టోగోషి-గింజాలో రెండు ప్లాట్‌ఫాంలు ఎదురెదురుగా, మధ్యలో రెండు పట్టాలు. గోటాండా వైపు వెళ్లే ప్లాట్‌ఫాంకి ఒక టికెట్ గేటు, కమాటా వైపు వెళ్లేదానికి అవతల ఇంకో టికెట్ గేటు. లోపల నుంచి ఒకదాని నుంచి ఇంకోదానికి వంతెన గానీ సొరంగం గానీ లేదు. అటు నుంచి ఇటు రావాలంటే బయటికొచ్చి, బజారు వీధిలో ఉన్న లెవెల్ క్రాసింగ్ దాటాలి. ఇదే లైన్‌లో చిదోరిచో స్టేషన్ కూడా ఇంతే. దీనివల్ల మంచీ చెడూ రెండూ ఉన్నాయి. మంచి ఏమిటంటే మెట్లు లేవు, వీధిలోంచి నేరుగా ప్లాట్‌ఫాం మీదికే, పిల్లల బండి తోసుకుంటూ వెళ్లిపోవచ్చు. పెద్ద స్టేషన్‌లో లిఫ్ట్ ఎక్కడుందో వెతుక్కుని, దాని ముందు వరసలో నిలబడే బాధ మీ ఆవిడకి ఉండదు. చెడు ఏమిటంటే మీ ఇల్లు కమాటా వైపు ప్లాట్‌ఫాం పక్కన ఉంటే రోజూ ఉదయం ఆఫీసుకి వెళ్లేటప్పుడు క్రాసింగ్ దాటి అవతలికి పోవాలి. గంట మోగి కర్ర దిగిందంటే, మీరు ఎక్కాల్సిన బండే మీ కళ్ల ముందు వచ్చి వెళ్లిపోతుంది! ఎటు తీసుకున్నా రోజుకి ఒకసారి దాటక తప్పదు, వెళ్లేటప్పుడో వచ్చేటప్పుడో. అందుకే గోటాండా వైపు బండి ఎక్కే ప్లాట్‌ఫాం ఉన్న పక్కనే తీసుకోమంటాను. సాయంత్రం వచ్చేటప్పుడు ఒక నిమిషం ఆగినా తొందర ఏముంది, ఉదయం తొమ్మిదింటికి మీటింగ్ పెట్టుకుని కర్ర దగ్గర నిలబడడం వేరు. కొన్నిసార్లు ఒకవైపు బండి పోగానే ఇంకోవైపుది వస్తుంది, కర్ర లేవదు, బాణం గుర్తు చూస్తే ఇంకా ఏ వైపు నుంచి రావాలో తెలుస్తుంది. తొందరపడి కింద నుంచి దూరేవాళ్లని చూస్తారు, మీరు అలవాటు చేసుకోకండి.

పొరపాటున అవతలి గేటులో కార్డు ఆనించి లోపలికి వెళ్లారనుకోండి, కంగారుపడకండి, ఇంటర్‌కామ్‌లో చెబితే ఆ ప్రవేశం రద్దు చేసి బయటికి పంపిస్తారు.

క్రాసింగ్ అంటే మరీ భయపడాల్సిన చోట్లు కూడా టోక్యోలో ఉన్నాయి. రద్దీ వేళ గంటలో 40 నిమిషాలకి పైగా మూసి ఉండేవాటిని తెరుచుకోని క్రాసింగ్‌లని ప్రభుత్వమే లెక్క కడుతుంది. కేయో లైన్‌లో ససాజుకా నుంచి సెన్‌గావా మధ్య 25 క్రాసింగ్‌లు తీసేయడానికే పట్టాలు పైకెత్తే పని పెట్టుకున్నారు. 2005లో టోబు లైన్‌లో తకెనోత్సుకా స్టేషన్ పక్కన, మనిషి చేత్తో ఎత్తి దించే కర్ర ఉన్న క్రాసింగ్‌లో ఇద్దరు ఆడవాళ్లు చనిపోయారు, ఆ లైన్ పైకెత్తడం పూర్తయ్యేసరికి 2022 వచ్చింది. ఇకెగామి లైన్‌లో బండి మూడు పెట్టెలే కాబట్టి దాటడానికి ఎక్కువ సేపు పట్టదు, ఎక్స్‌ప్రెస్‌ల గోల లేదు. అయినా బాబుతో దాటేటప్పుడు పిల్లల బండి చక్రాలు పట్టాల సందులో ఇరుక్కోకుండా అడ్డంగా నేరుగా తోయండి, సైకిల్ అయితే దిగి నడిపించండి. ఎవరైనా లోపల ఇరుక్కుపోయారంటే క్రాసింగ్ దగ్గర ఎర్ర ఎమర్జెన్సీ బటన్ ఉంటుంది, మొహమాటపడకుండా నొక్కాలి. నిజంగా అవసరమై నొక్కినవాళ్లని ఎవరూ ఏమీ అనరు.

చప్పుడు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. రెండు నిమిషాల దూరం అంటే క్రాసింగ్ గంట తెల్లవారుజామున ఐదు ప్రాంతం నుంచి అర్ధరాత్రి దాటేవరకు వినిపిస్తుంది. నాకు వారంలో అలవాటైపోయింది. మా ఇంట్లోవాళ్లకి అంత త్వరగా కాలేదు. రోడ్డు వైపు కిటికీలకి రెండు పొరల అద్దాలు ఉన్నాయా, పడకగది ఎటు ఉంది అన్నది చూడండి.

ఇంకో చిన్న కిటుకు. ఇళ్ల ప్రకటనలో "నడక 2 నిమిషాలు" అని రాస్తే అది ఎవరో నడిచి చూసి రాసింది కాదు. 80 మీటర్లకి ఒక నిమిషం అని నియమం, ఆ దూరాన్ని భాగించి పైకి రౌండ్ చేస్తారు. మధ్యలో సిగ్నల్, ఎత్తు, క్రాసింగ్ దగ్గర ఆగడం, ఇవేవీ అందులో ఉండవు. పైగా ఆ లెక్క దగ్గర గేటు వరకే, మీకు కావాల్సిన గేటు వరకు కాదు. మీ రెండు నిమిషాలు ఉదయం పూట ఐదు అయ్యే అవకాశం ఉందని లెక్క వేసుకోండి. అయినా ఐదే కదా.

ఈ చోటుని నేను గట్టిగా సమర్థించడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇంకోటుంది. బజారు వీధిలో కొద్ది నిమిషాలు నడిస్తే టోగోషి అని ఇంకో స్టేషన్ ఉంది, అది టోయె అసాకుసా లైన్, అంటే టోక్యో నగరపాలన నడిపే సబ్‌వే, వేరే సంస్థ. అక్కడ నుంచి గోటాండా ఒక్కటే స్టాప్! ఇకెగామి లైన్ ఆగిపోయిన రోజున అటు వెళ్లిపోవచ్చు. ఛార్జీ టోక్యులో కనీసం 140 యెన్లు, టోయెలో 180, తేడా అంతే. లైన్ ఆగిపోతే ఉచితంగా పక్క లైన్‌లో పంపించే ఏర్పాటు కూడా ఉంటుంది గానీ అది నెలవారీ పాస్ గానీ కాగితం టికెట్ గానీ ఉన్నవాళ్లకే, కార్డులో డబ్బు వేసుకుని తిరిగేవాళ్లకి వర్తించదు. ఈ సంగతి తెలియక గేటు దగ్గర వాదన పెట్టుకున్న మనవాళ్లని చూశాను. ఆలస్యం అయితే కంపెనీ వెబ్‌సైట్‌లో ఆలస్య ధ్రువపత్రం ఇస్తారు, ఆఫీసులో అది చూపిస్తే సరిపోతుంది. రెండు లైన్లూ ఆగిపోయినా, గోటాండా నుంచి ఇంటికి నడిచి రావచ్చు, ఇరవై నిమిషాల చిల్లర. 2011 మార్చి 11న భూకంపం వచ్చిన రోజు టోక్యోలో రైళ్లన్నీ ఆగిపోయి లక్షల మంది రాత్రంతా నడిచారు. ఇంట్లో చిన్న పిల్లవాడు ఉన్నప్పుడు ఆఫీసు నుంచి నడిచి చేరగలిగే దూరం అన్నది నా దృష్టిలో స్టేషన్ సైజు కంటే చాలా పెద్ద విషయం.

హనేడా ఎయిర్‌పోర్టుకి కూడా ఆ టోగోషి స్టేషనే దారి, సెన్‌గాకుజిలో కేక్యు (ఇంకో ప్రైవేటు రైలు కంపెనీ) బండి మారితే సరి. మ్యాప్ చూసి ఇకెగామి లైన్‌లో కమాటా వరకు వెళ్లి అక్కడ మారదామని సూట్‌కేసులతో బయలుదేరకండి. కమాటా, కేక్యు కమాటా రెండు వేర్వేరు స్టేషన్లు, మధ్యలో దాదాపు 800 మీటర్లు నడవాలి.

పాస్ గురించి ఒక జాగ్రత్త. ఇక్కడ కంపెనీలు రాకపోకల ఖర్చు ఇస్తాయి, నెలకి 1,50,000 యెన్ల వరకు పన్ను కూడా ఉండదు. కానీ కొన్ని కంపెనీల్లో ఇల్లు ఆఫీసుకి 2 కిలోమీటర్ల లోపు ఉంటే ఇవ్వరు. మీరు ఆ గీత లోపల పడతారు. హెచ్‌ఆర్‌ని ముందే అడగండి. ఇవ్వకపోయినా సైకిల్ ఉంది, కాళ్లున్నాయి, దీని కోసం ఇల్లు మార్చుకోనక్కర్లేదు.

ఇప్పుడు నీళ్లు, బిల్డింగ్. ఆ బజారు వీధి పల్లంలో ఉంది. 1923 భూకంపం తర్వాత గింజాలో పనికిరాకుండా పోయిన ఇటుకలు తెచ్చి ఇక్కడి బురద నేలలో పరిచారట, ఊరికి గింజా పేరు తగిలించుకున్నది అప్పుడే. పల్లం ఇప్పటికీ పల్లమే. కుండపోత వానలకి నీళ్లు ఎక్కడ నిలుస్తాయో షినగావా వార్డు ఆఫీసు హజార్డ్ మ్యాప్ ఇస్తుంది. 2020 ఆగస్టు నుంచి ఒప్పందానికి ముందు ఏజెంటు ఆ మ్యాప్‌లో మీ ఇల్లు ఎక్కడుందో చూపించి తీరాలి, తల ఊపేసి ఊరుకోకుండా వేలు పెట్టి చూపించమనండి. గ్రౌండ్ ఫ్లోర్ అయితే నేనైతే వద్దంటాను. బిల్డింగ్ అనుమతి 1981 జూన్ తర్వాతదా అని అడగండి, భూకంపాల కొత్త నియమాలు అప్పుడు వచ్చాయి. ఈ చుట్టుపక్కల పాత చెక్క ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న సందులు చాలా ఉన్నాయి, నిప్పు అంటుకుంటే ప్రమాదం. ఇరుకు సందు చివర ఇల్లు అయితే అద్దె ఎంత తక్కువైనా వదిలేయండి.

మీ ఆవిడకి పగలంతా ఎలా గడుస్తుంది అని అడిగారు. స్టేషన్ బయట అడుగు పెడితే బజారే. టోగోషి-గింజా వీధి సుమారు 1.3 కిలోమీటర్లు, 400 దాకా షాపులు. కూరగాయలు, చేపలు, టోఫు, మందులు, బట్టల ఉతుకు, అన్నీ నడకలోనే. చిన్న కూరగాయల కొట్టువాళ్లకి మొహం గుర్తుంటుంది, నాలుగు రోజులకే బాబుని పలకరిస్తారు. భాష నేర్చుకోవడానికి కూడా ఇంతకంటే మంచి చోటు ఉండదు. పెద్ద జంక్షన్‌లో మాల్‌లో వస్తువు స్కాన్ చేసి వచ్చేస్తే ఎవరితోనూ మాట్లాడే పనే రాదు. శాకాహారులైతే ఒక మాట: ఆ వీధిలో ప్రసిద్ధి అయిన కొరొక్కె ఉంది, చూడడానికి మన ఆలూ బోండా తమ్ముడిలా ఉంటుంది గానీ చాలావాటిలో మాంసం కీమా కలుపుతారు. అడిగి కొనండి.

ఒక్క విషయంలో మాత్రం ఈ చోటు మీకు కుదరకపోవచ్చు: బడి. బాబుని ఇండియన్ స్కూల్‌లోనే చేర్చాలని మీ ఆలోచన అయితే అవి తూర్పు వైపు, ఎడొగావా, కోటో వార్డుల్లో ఉన్నాయి. మన తెలుగువాళ్లు, కిరాణా కొట్లు కూడా నిషి-కసాయ్ చుట్టూనే ఎక్కువ. టోగోషి నుంచి అసాకుసా లైన్‌లో నిహోన్‌బషి వెళ్లి తోజాయ్ లైన్ మారాలి, మొత్తం నలభై నిమిషాల పైమాటే, చిన్న పిల్లవాడికి రోజూ అంటే కష్టం. అలాంటప్పుడు మీరు అటు ఉండి గోటాండాకి రావడమే మేలు, పిల్లవాడి బదులు మీరు తిరగండి. జపనీస్ బడికి సిద్ధమైతే ఈ బాధ లేదు.

ముసాషి-కొసుగి చెడ్డదని నేను అనడం లేదు. టోయోకో, మెగురో, నంబు, యోకొసుకా, ఇన్ని లైన్లు ఒకే చోట కలుస్తాయి. మీకు యోకొహామాలో క్లయింట్ ఉన్నా, మీ భార్య వేరే దిక్కున ఉద్యోగం చూసుకోబోతున్నా అదే సరైనది. కానీ యోకొసుకా లైన్ ప్లాట్‌ఫాం మిగతావాటికి ఎంత దూరమో నడిచి చూస్తే గానీ తెలియదు. పైగా అక్కడ నుంచి గోటాండా రావాలంటే మెగురోలో దిగి యమనోటె మారాలి. టవర్ల అద్దెలు కూడా టవర్లలాగే ఉంటాయి. రోజూ రెండు చోట్లకి తప్ప వెళ్లని మనిషికి అన్ని లైన్లు ఎందుకు చెప్పండి?

ఈ ఫ్లాట్ చేజారితే కంగారుపడకుండా ఇదే లైన్ మీద వెతకండి. పక్క స్టేషన్ ఎబారా-నకనోబు భూమి లోపల ఉంటుంది, క్రాసింగ్ గంట ఉండదు. హటానోడాయ్‌లో ఒయిమాచి లైన్ కలుస్తుంది, దాని ఎక్స్‌ప్రెస్ కూడా ఆగుతుంది, కాబట్టి చిన్న లైన్, పెద్ద లైన్ రెండూ కావాలనుకునేవాళ్లకి మధ్యేమార్గం. (ఒయిమాచి లైన్‌లో కుహోన్‌బుత్సు అనే స్టేషన్ కనిపిస్తే, అక్కడ రెండు క్రాసింగ్‌ల మధ్య ప్లాట్‌ఫాం ఇరుక్కుపోయి లోకల్ బండిలో ఒక పెట్టె తలుపులు తెరుచుకోవు, లోపల ప్రకటన వినకపోతే దిగలేరు.) పిల్లలకి ఖాళీ స్థలం కావాలంటే సెన్‌జోకు-ఇకె, చెరువు, చెర్రీ చెట్లు, పార్కు. అద్దె ఇంకా తగ్గాలంటే ఇకెగామి వైపు వెళ్లండి. స్టేషన్ కూడా 2021కి కొత్త భవనం అయింది, గుడి దగ్గరే. అక్టోబరు 12 రాత్రి నిచిరెన్ వర్ధంతికి ఒయెషికి అనే ఊరేగింపు ఉంటుంది, ఆ ఒక్క రాత్రి ఇంటికి చేరడం మాత్రం కష్టమే.

ఆఖరి బండి గురించి అడగలేదు గానీ చెప్తున్నాను, 2021 మార్చి నుంచి టోక్యో చుట్టూ చాలా లైన్లలో ఆఖరి బండి వేళ ముందుకు జరిపారు. ఆఫీసు పార్టీల్లో "ఇంకా టైముంది" అని పాతవాళ్లు చెప్పే లెక్క నమ్మకండి. మీ విషయంలో బండి తప్పినా నడిచి వచ్చేస్తారు, ముసాషి-కొసుగి వాళ్లు టాక్సీ ఎక్కాలి.

ఫ్లాట్ చూడడానికి ఏజెంటు మధ్యాహ్నం రెండింటికి రమ్మంటాడు, వాళ్లకి అదే అనుకూలం. మీరు అది చూసొచ్చాక, వేరే రోజు ఉదయం ఎనిమిదింటికి ఒక్కరే వెళ్లి ఇంటి గుమ్మం నుంచి గోటాండా వైపు ప్లాట్‌ఫాం గేటు వరకు నడవండి, రాత్రి పదకొండింటికి ఇంకోసారి ఆ కిటికీ కింద నిలబడండి. మీరు ఇంకా హైదరాబాద్‌లోనే ఉండి వీడియో కాల్‌లోనే చూస్తుంటే, ఏజెంటు పంపిన కాగితంలో బిల్డింగ్ కట్టిన సంవత్సరం, ఏ అంతస్తు, పట్టాలకి ఏ పక్క అన్న మూడూ ఇక్కడ రాయండి, చిరునామా అక్కర్లేదు. చూసి చెప్తాను.